మారిషస్ దీవియు, అచ్చటి చెఱకు రైతును

మన తాతముత్తాతల కాలమున గోదావరి మండలములో "ఎఱ్ఱ మారిషసు" అను చెఱకు విరివిగా సాగులో నుండెను. అంతకు ముందున్న నాటు రకములకు ఎఱ్ఱకుళ్ళు తెగులు సోకి తోటలు నిలువున ఎండిపోవుచుండగా, 1902వ సంవత్సరమున సామర్లకోటలో చెఱకు ప్రయోగ క్షేత్రము నెలకొల్పబడెను. తెగులునకు లొంగని రకముల కొఱకు అచ్చటివారు పలు దేశముల ముచ్చెలు తెప్పించి, నాటి చూచి, రైతులకు పంచిపెట్టిన వానిలో ఈ ఎఱ్ఱ మారిషసు ముఖ్యమైనది. నేడది మన తోటలలో కానరాదు. పేరు మాత్రము పాత నివేదికలలో మిగిలియున్నది. ఆ పేరు ఒక దేశపు పేరని గాని, ఆ దేశమునకును మనకును గల సంబంధము ఒక్క చెఱకు ముచ్చెతో తీరునది కాదని గాని ఎఱిగినవారు మన రైతులలో తక్కువ.

ఆ చెఱకు మన మండలమునకు రాకమునుపు అరువది డెబ్బది యేండ్ల క్రిందటనే మన మనుష్యులు ఆ దీవికి పోయి చెఱకు నఱికిరి. సామర్లకోటకు కొలది మైళ్ళ దూరమున గోదావరి ముఖద్వారముననున్న కోరంగి రేవులో ఓడలెక్కిన కూలీల సంతతివారు నేడచ్చట పౌరులై, ఉపాధ్యాయులై, ఉద్యోగులై యున్నారు. కొందఱు మనవలెనే చెఱకు రైతులు. ఆ దీవి రైతులకును మనకున్నట్లే సహకార పరపతి సంఘములు కలవు. కావున ఈ మాసము ఎరువుల ప్రస్తావనను ప్రక్కన బెట్టి, ఆ దీవిని గూర్చియు, అచ్చటి చిన్న రైతును గూర్చియు వ్రాయదలచితిని.

నేను చిన్ననాట మిషను బడిలో చదువుకొనునపుడు, గోడనున్న పటములో హిందూమహాసముద్రపు నీలిరంగు నడుమ ఈ దీవి సిరాచుక్క వలె నుండెడిది. ఉపాధ్యాయులు కఱ్ఱతో చూపిననేగాని కంటికి దొరకెడిది కాదు. ఆఫ్రికా ఖండమునకు తూర్పున మడగాస్కరు అను పెద్ద దీవి కలదు గదా. దానికి ఇంకను తూర్పుగా ఐదువందల మైళ్ళకు పైబడిన దూరమున మారిషస్ ఉన్నది. భూమధ్యరేఖకు దక్షిణమున ఇరువదవ అక్షాంశము దాని చోటు. పొడవు నలుబది మైళ్ళకు లోపు. వెడల్పు ముప్పది మైళ్ళకు లోపు. వైశాల్యము సుమారు 720 చదరపు మైళ్ళు. మన జిల్లాలలో పెక్కింటికి సరిరాదు. జనసంఖ్య పండ్రెండు లక్షలకు పైచిలుకు. తూర్పుగా చాల దూరమున నున్న రోడ్రిగ్స్ అను చిన్న దీవి కూడ ఈ దేశములోనిదే.

దక్షిణార్ధగోళమగుటచే ఋతువులు మనకు తలక్రిందులు. మనము చలికి వణకు దినములలో వారికి వేసవి. నవంబరు మొదలు ఏప్రిలు వఱకు ఎండలు, వానలు, తుపానులు. జూను మొదలు డిసెంబరు వఱకు చెఱకు నఱకుడు. దీవి నడుమ మెట్టయైన ఎత్తుభూమి. అందు కొన్నిచోట్ల ఏటికి 150 అంగుళముల వఱకు వాన కురియును. పడమటి తీరమున నలుబది అంగుళములకు మించదు. అనగా ఒక పూటలో నడచిపోగల దూరమునకే తడిభూమియు మెట్టభూమియు రెండును కలవు. చుట్టును పగడపు దిబ్బలు ప్రాకారమువలె నిలిచి సముద్రపు పోటును అడ్డగించుచున్నవి. ఎత్తైన శిఖరము 2,700 అడుగులకు కొంచెము పైబడి యుండును.

అయితే రైతుకు ముఖ్యమైనది నేల గదా. ఈ దీవి సముద్రగర్భమునుండి అగ్నిపర్వతము పైకి లేచుటచే ఏర్పడినది. కరిగిన ఱాయి చల్లారి నల్లఱాయియై, ఆ ఱాయి శతాబ్దముల తరబడి మెత్తబడి మన్నైనది. మన్ను సారవంతమే కాని, ఱాయి మాత్రము పూర్తిగా పోలేదు. దుక్కి దున్నవలెనన్న ముందు ఱాళ్ళు ఏరవలెను. ఆ దీవిలో చెఱకుతోటల నడుమ నేటికిని పెద్ద పెద్ద నల్లఱాళ్ళ కుప్పలు మెట్టుమెట్టుగా పేర్చి, గోపురములవలె నిలిచియున్నవి. తోట వేయుటకై కూలీలు చేతులతో ఏరి పేర్చిన ఱాళ్ళవి. ఒక్కొక్క కుప్పక్రింద ఎందఱి వీపులు వంగినవో లెక్క లేదు. ఆ దీవి చరిత్రను చదువదలచిన వాడు రాజుల పేర్లకన్న ముందు ఆ కుప్పలను చూడవలెనని నా అభిప్రాయము.

రాజుల సంగతి త్వరగా ముగించెదను. ఆ దీవియందు మొదట మనుష్యులే లేరు. 1598లో డచ్చివారు దిగి, తమ రాజకుమారుడు మారిస్ పేరు పెట్టిరి. 1638లో కాపురముండ మొదలిడి, మఱుసటియేట జావానుండి చెఱకు తెచ్చి నాటిరి. ఎబనీ అను నల్లచేవ మ్రాకులను కొట్టుకొనిపోయిరి. ఎగురలేని డోడో అను పెద్దపక్షి వారి కాలముననే అంతరించిపోయెను. 1710లో వారు విడిచిపోగా, 1715లో ఫ్రెంచివారు ప్రవేశించిరి. 1735లో గవర్నరై వచ్చిన లాబూర్దొనే పోర్టులూయీ రేవును కట్టించి, చెఱకుసాగును ప్రోత్సహించెను. చెన్నపట్టణమును 1746లో ఇంగ్లీషువారినుండి పట్టుకొన్న ఫ్రెంచి నాయకుడు ఈయనయే. 1810లో ఇంగ్లీషువారు దీవిని జయించిరి గాని, అచ్చటి ఫ్రెంచి తోటదారుల భూములను, చట్టములను, భాషను అట్లే యుండనిచ్చిరి. అందుచేత నేటికిని అచ్చట భూమిని కొలుచునది ఫ్రెంచివారి "ఆర్పెంటు". అది మన ఎకరముకన్న నూటికి నాలుగు పాళ్ళు పెద్దది.

1825లో ఇంగ్లండు ఈ దీవి పంచదారపై సుంకమును వెస్టిండీసు పంచదారతో సమానము చేసెను. అంతటితో తోటలు అడవులను మ్రింగుచు పెరిగినవి. పనిచేసిన వారు ఆఫ్రికానుండియు, మడగాస్కరునుండియు తేబడిన బానిసలు. 1835 ఫిబ్రవరి 1వ తేదీన బానిసత్వము రద్దయ్యెను. రద్దయినప్పుడు రమారమి ఇరువది లక్షల పౌనుల నష్టపరిహారము ఇచ్చిరి. బానిసలకు కాదు, యజమానులకు! ఆ సొమ్ముతో యజమానులు క్రొత్త కూలీలకై చూచిరి. చూపు మన దేశముమీద పడెను.

1834 నవంబరు 2వ తేదీన "అట్లాసు" అను ఓడలో కలకత్తానుండి ముప్పదియార్గురు కూలీలు దిగిరి. తరువాత తూర్పుతీరపు రేవులన్నిటినుండియు ఓడలు సాగినవి. మన కోరంగినుండి పోయినవారిని ఆ దీవిలో "కోరంగీలు" అనిరి. తెలుగువారందఱికిని అదియే పేరైనది. 1839 నవంబరులో వచ్చిన ఘోరమైన తుపాను కోరంగి రేవును ముంచివేసి, ఓడలను ధ్వంసముచేసి, వేలకొలది జనమును పొట్టనబెట్టుకొన్నది. ఆ రేవు మరల పూర్వపు దశకు రాలేదు. దాని పేరు మాత్రము వేల మైళ్ళ దూరమున ఒక జాతికి పేరై నిలిచినది. 1834 మొదలు ఇరువదవ శతాబ్దారంభము వఱకు ఆ దీవిలో దిగిన భారతీయులు రమారమి నాలుగున్నర లక్షలు. వారు దిగిన పోర్టులూయీ మెట్లను నేడు "ఆప్రవాసీ ఘాట్" అందురు. 2006లో ఐక్యరాజ్యసమితి వారి యునెస్కో సంస్థ దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

ఒప్పందము సాధారణముగా ఐదేండ్లకు. మగవానికి నెలకు ఐదు రూపాయలు, బియ్యము, పప్పు, ఉప్పు, నూనె. వినుటకు బాగుగనే యున్నది. కాని ఒక దినము పనికి రాకున్న రెండు దినముల కూలి కోతబెట్టుట అచ్చటి ఆచారము. జబ్బుపడి పది దినములు పరుండినవాడు, లేచిన తరువాత ఇరువది దినముల కూలికి అప్పుపడియుండును. 1866 మొదలు 1868 వఱకు మలేరియా జ్వరము విజృంభించి నలుబది వేల మందికి పైగా మరణించిరి. అట్టి సమయముననే, 1867లో, గడువు తీరిన పాతకూలీలు కూడ చీటీయు, తమ ఛాయాపటమును దగ్గరలేక త్రోవలో కనబడినచో పోలీసువారు పట్టి చెఱబెట్టునట్లు చట్టముచేసిరి. వాని బాధపడలేక 1871లో 9,401 మంది పాతకూలీలు గవర్నరునకు మహజరు పంపుకొనిరి. దానిని వ్రాసి సహాయపడినవాడు ఆడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను ఐరోపీయుడు. ఆ మహజరు ఫలితముగా 1872లో రాజకీయ విచారణసంఘము వచ్చి, కూలీలు చెప్పినది చాలవఱకు నిజమేనని వ్రాసినది. తొమ్మిదివేల మంది ఒక్క కాగితముక్రింద చేరుట ఎంతటి పనియో, మన సంఘములో ఒక తీర్మానమునకు పాతికమంది సంతకములు కూర్చిన వారికి తెలియును.

ఇక కూలివాడు రైతైన విధము. 1880 ప్రాంతమునుండి పంచదార ధర పడిపోయినది. ఐరోపాలో బీటుదుంప పంచదార పెరుగుటయే కారణము. పెద్ద తోటదారులు అప్పులపాలై, తమ తోటల అంచులలోని ఱాతినేలలను, మిఱ్ఱు పల్లములను, చిన్నచిన్న ముక్కలు చేసి అమ్మజూపిరి. కొన్నవారు పాతకూలీలు. ఐదు రూపాయల కూలిలో మిగిల్చిన డబ్బు, ఆవును మేపి పాలమ్మిన డబ్బు, ఆడువారి మెడలోని వెండి, ఇవి పెట్టుబడి. చాలమంది వాయిదాలమీద కొనిరి; సర్దారులును, దళారులును పెద్ద చెక్కలు కొని, ముక్కలుచేసి, ఎక్కువ ధరకు మరల అమ్మిరి. యజమాని నష్టపడలేదు: పనికిరాని నేల అమ్ముడైనది, కొన్నవాడు పండించిన చెఱకు తిరిగి ఆ యజమాని మిల్లుకే రావలెను. ఏమైనను, 1910 నాటికి చెఱకు భూమిలో దాదాపు మూడింట ఒకపాలు భారతీయుల చేతిలోనికి వచ్చినది. ఇంటికి చేరువగా రెండు ఆర్పెంట్లు, అందులో ఱాళ్ళకుప్ప, ప్రక్కన ఆవు. ఇది చిన్నరైతు సంసారము.

భూమి వచ్చినది కాని దానితో అప్పు కూడ వచ్చినది. చెఱకునకు నాటినది మొదలు చేతికి డబ్బు వచ్చుటకు ఏడాదికి పైగా పట్టును. అంతవఱకు ఎరువునకు, కూలికి, తిండికి ఎవరిస్తారు? అంగడివాడును, మిల్లు దళారియు ఇత్తురు. వడ్డీయు, పంటయు వారివే. 1909లో వచ్చిన మఱియొక విచారణసంఘము ఇది చూచి, భారతదేశములో 1904 నుండి నడచుచున్న సహకార పరపతి సంఘములవంటివి అచ్చటను పెట్టుమని సలహా యిచ్చినది. ఆ పనికై 1913లో మన దేశపు ఉద్యోగియైన విల్బర్‌ఫోర్సు అను దొర పంపబడెను. ఆ సంవత్సరమే చట్టమును వచ్చినది. మన చట్టము, మన పద్ధతి, మన గ్రామసంఘపు ఏర్పాటు. ఓడమీద పోయి ఆ దీవిలో వేళ్ళూనినవి. సంఘము పూచీపై పంటకు అప్పు. మిల్లునుండి రావలసిన పైకము సంఘముద్వారా చెల్లింపు. ఈ రెండు సూత్రములమీదనే నూఱేండ్లకు పైగా నడచినవి. చిన్నరైతుల పంచదార పైకములో చాలభాగము నేటికిని వారి సంఘములద్వారానే వారికి చేరుచున్నది.

అప్పు సంగతి కొంత కుదుటబడినను, కాటా సంగతి కుదుటబడలేదు. ఇక్కడ కొంచెము నిలువవలెను.

చెఱకు నఱికిన గడియనుండి ఎండిపోవును, తీపి తఱుగును. దానిని ఇంటిలో దాచి ధరవచ్చినప్పుడు అమ్ముటకు వీలులేదు. చేరువ మిల్లు ఒక్కటియే. అది ఎంత తూచిన అంత, ఎంత యిచ్చిన అంత. నా బాల్యములో మా నాయనగారి చెఱకు బండ్లు ఒక మిల్లు గేటు ముందర రెండు రాత్రులు నిలబడి, మూడవనాడు కాటాకెక్కినవి. ఎండిన బరువు ఎవరి లెక్కలో పోయినదో మాయింట నేటికిని తేలలేదు. మారిషస్ రైతునకు ఇట్టిదే పెద్దదై వచ్చినది.

చిన్నరైతులు తమ ఱాతినేలలలో "ఊబా" అను సన్నని, గట్టి చెఱకు వేసెడివారు. అది తక్కువ ఎరువుతో, తక్కువ వానతో పండును, బరువెక్కువ తూగును, అయితే పంచదార తక్కువ, గానుగకు కఠినము. 1937లో మిల్లుదారులు ఊబా చెఱకు వెలను నూటికి పదునైదు చొప్పున తగ్గించిరి. మిల్లువారి వాదములో కొంత న్యాయము లేకపోలేదు. పంచదార తక్కువైన చెఱకునకు తక్కువ వెల సహజము. కాని నాటిన తోటను రైతు ఒక్క యేటిలో పెఱికివేయలేడు గదా. మఱియు ఎవరి చెఱకులో ఎంత పంచదార యున్నదో పరీక్షించినది మిల్లువారే, చెప్పినదియు వారే. రైతులును, కూలీలును కలిసి లేచిరి. ఆగస్టు 13వ తేదీన యూనియన్ ఫ్లాక్ అను తోటయొద్ద జనముమీద తుపాకులు పేలి, నలుగురు చనిపోయిరి. ఆ తోట యజమానులు కూడ భారతీయ సంతతివారే యగుట గమనింపదగినది. కూలియు, యజమానియు అను భేదము రక్తమునుబట్టి పోదు.

హూపరు అధ్యక్షతన విచారణసంఘము కూర్చుండి, తూకమును, పరీక్షను మిల్లుచేతిలోనే విడిచిపెట్టరాదని నిర్ణయించినది. 1939లో ప్రభుత్వపు కేంద్రసంఘము ఒకటి ఏర్పడినది. అప్పటినుండి మిల్లుకు సంబంధములేని రసాయనికులు చెఱకు రసమును పరీక్షించి లెక్కకట్టుట అలవాటైనది. కూలీల కష్టము మాత్రము అంతటితో తీరలేదు: 1943 సెప్టెంబరు 27న బెల్‌వ్యూ హరెల్ తోటలో మరల కాల్పులు జరిగి నలుగురు మరణించిరి. వారిలో అంజలై కూపెన్ అను గర్భిణీస్త్రీ యొకతె. ఆ దేశపు పెద్ద ఆటస్థలము ఒకటి నేడామె పేరుతో నున్నది.

నేటి పద్ధతి మన రైతులు చెవియొగ్గి వినదగినది. ఆ దీవిలో రైతు మిల్లుకు చెఱకు అమ్మడు. తన చెఱకునుండి వచ్చిన పంచదారలో నూటికి 78 పాళ్ళు రైతువి. ఆడించినందుకు మిల్లుకు 22 పాళ్ళు. మడ్డిలోను రైతుకు పాలు కలదు. పంచదార అంతయు 1919లో స్థాపితమైన పంచదార సిండికేటు అను ఒక్క సంస్థద్వారా అమ్ముడగును. కావున రెండు ఆర్పెంట్ల రైతుకును, రెండువేల ఆర్పెంట్ల తోటదారునకును టన్ను పంచదారకు ధర ఒక్కటే. మంచి ధర వచ్చిన ఇద్దఱికిని వచ్చును, పడిపోయిన ఇద్దఱికిని పడును. చూచుటకు న్యాయముగనే యున్నది గాని, పడినప్పుడు దెబ్బ ఇద్దఱికి ఒక్కటిగా తగులదు. దానిని ముందు చెప్పెదను.

ఒక్క పంటనే ఏల పట్టుకొని వ్రేలాడిరి అని కొందఱడుగవచ్చును. ఫ్రెంచివారు కాఫీ, లవంగము, ప్రత్తి అన్నియు పెట్టి చూచిరి. తుపాను వచ్చిన కాఫీ చెట్టు వేళ్ళతో లేచిపోవును; చెఱకు వంగును, చీలును, మరల లేచును; నఱికిన మోటినుండి కార్శి వచ్చును. 1892 ఏప్రిలు 29 నాటి తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయిరి. 1960 ఫిబ్రవరిలో "కెరల్" అను తుపాను గంటకు 160 మైళ్ళ వేగమున వీచి, ఇండ్లను పేకలవలె ఎగురగొట్టినది. ఆ యేడు పంచదార అంతకుముందటి యేటిలో సగమునకు లోపు. మరల రెండు మూడేండ్లలోనే తోటలు తేరుకొన్నవి. 1973లో ఆ చిన్నదీవి 7,18,000 టన్నుల పంచదార తీసినది. అంతటి పంట అంతకుముందు లేదు, తరువాత లేదు.

దీవి 1968 మార్చి 12న స్వతంత్రమైనది. శివసాగర్ రాంగులామ్ మొదటి ప్రధానమంత్రి. 1992లో గణరాజ్యమైనది. 1975లో కుదిరిన ఒడంబడికచే ఐరోపా దేశములు ఏటేట సుమారు ఐదులక్షల టన్నుల పంచదారను, తమ సొంత రైతులకిచ్చు మంచి ధరతోనే కొనిరి. పెక్కు సంవత్సరములు ఆ ధర లోకపు ధరకు రెండింతలు, మూడింతలు. ఆ సొమ్ముతో ఇండ్లు, బడులు, ఆసుపత్రులు, నేత కార్ఖానాలు లేచినవి. చిన్నరైతు తన బిడ్డలను చదివించెను. అయితే ఆ ధర అంగడిలో పుట్టినది కాదు, ఒడంబడికలో పుట్టినది. 2006 మొదలు ఐరోపావారు ధరను మెట్టుమెట్టుగా నూటికి 36 పాళ్ళు తగ్గించిరి. 2009లో ఒడంబడికయే ముగిసినది.

పెద్ద తోటలు తట్టుకొన్నవి. అవి యంత్రములతో నఱికించినవి. పిప్పిని కాల్చి విద్యుత్తు చేసి అమ్మినవి. సముద్రతీరపు నేలలలో హోటళ్ళు కట్టినవి. మిల్లులు ఒకనాడు రెండువందలకు పైగా నుండినవి నేడు మూడైనవి. చిన్నరైతు నేలలోనికి యంత్రము దిగదు, ఱాళ్ళున్నవి. మిల్లు దూరమైన బండి ఖర్చు పెరిగినది. చదువుకొన్న కొడుకు కత్తి పట్టడు. ఈ శతాబ్దారంభమున పాతికవేలకు పైగా నుండిన చిన్న చెఱకు రైతులు నేడు సగమైనను లేరు. చెఱకు భూమియు ఒకప్పటి రెండులక్షల ఎకరములనుండి దాదాపు సగమునకు దిగినది. ఆ విడిచిన ముక్కలు తాతలు ఱాళ్ళేరి వాయిదాలమీద కొన్నవియే.

నిలిచినవారు నిలిచినది చాలవఱకు సంఘములవల్లనే. ప్రభుత్వము ప్రక్కప్రక్కన నున్న చిన్నకమతముల రైతులను ఒప్పించి, గట్లు తీసి, ఱాళ్ళు తొలగించి, ఒక్కచెక్కగా నీరుపెట్టి నాటించు పథకము నడపినది. హక్కు ఎవరిది వారికే. కొన్ని సంఘములు న్యాయవిక్రయ ముద్రను సంపాదించి, విదేశములలో తమ పంచదారకు అదనపు రొక్కము పొందుచున్నవి. శుద్ధిచేయని ముదురురంగు పంచదారలకు అచ్చట మంచి గిరాకి. వానిలో ఒకటి చూచిన అనకాపల్లి బెల్లపుపొడి యని మనవారు భ్రమపడుదురు. 2019లో ప్రభుత్వము, అరువది టన్నుల వఱకు పంచదార పండించు రైతునకు టన్నుకు 25,000 రూపాయలు హామీ యిచ్చినది. అవి వారి రూపాయలు. ఆ దీవి నాణెము పేరుకూడ 1870ల నుండి రూపాయయే. పిప్పినుండి పుట్టు విద్యుత్తులో తమకును పాలు కావలెనని రైతులు చాలకాలము పోరాడి, కొంత సాధించిరి.

ఇక మనవారి సంగతి. ఇంటివాడుక భాష ఫ్రెంచినుండి పుట్టిన క్రియోలు. బానిసల ముద్దుబిడ్డ యది. భోజపురి, తమిళము, తెలుగు, ఉర్దూ బడులలో నేర్పుదురు. బానిసలనాటి సెగా పాటయు, రవాన్ అను తోలువాద్యమును అందఱివి. సందులో అమ్ము పప్పువడను "గాతో పిమాఁ" అందురు. పేరు ఫ్రెంచిది, రుచి మనది. తెలుగువారు నూటికిద్దఱు ముగ్గురు. అయినను ఉగాది ఆ దేశమున ప్రభుత్వపు సెలవు. 1947లో వారు ఆంధ్రమహాసభ స్థాపించుకొనిరి. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అచ్చటనే జరిగినవి. దీపస్తంభము నడుమనుంచి చుట్టును తిరుగుచు పాడు రామభజనము, అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ నేటికిని చేయుదురు. అప్పన్న పేరు వినగానే వారి తాతలు ఏ జిల్లావారో మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అప్పలస్వామి అనునది అచ్చట కొందఱి యింటిపేరై నిలిచినది. దిగినవాని పేరును గుమాస్తా పుస్తకమున వ్రాసినది వ్రాసినట్లే మనుమలకు దక్కినది.

ఆ పుస్తకములు నేటికిని ఉన్నవి. వచ్చిన ఓడ, పేరు, తండ్రి పేరు, ఊరు, కులము, ఎత్తు, ఒంటిమీది మచ్చలు, తరువాతి కాలపువారికి ఛాయాపటము కూడ. ఇవన్నియు మహాత్మాగాంధీ సంస్థయందు భద్రపఱుపబడినవి. ఆ దీవివారు అచ్చటికి పోయి తాత పేరు వెదకికొందురు. కొందఱు ఆ కాగితము పట్టుకొని విశాఖపట్టణము, గోదావరి ప్రాంతములకు వచ్చి ఊరు వెదకుదురు. గుమాస్తా వ్రాసిన ఊరిపేరు మనకు అర్థముకాక, ఉన్న ఊరు దొరకక, రేవుమాత్రము చూచి తిరిగిపోవువారును కలరు. మన సభ్యులలో ఎవరి యింటనైన తాతముత్తాతలలో ఒకరు "దీవికి పోయి రాలేదు" అను మాట వినబడుచుండిన, ఊరిపేరు, ఇంటిపేరు, తండ్రిపేరు ఒక కాగితమున వ్రాసి సంఘ కార్యాలయమున ఇచ్చిన, నేను వచ్చినప్పుడు తీసికొందును.